ఎర్ర చుక్క, తెల్ల చుక్క

హోరెస్ స్టిటిల్ ఒక మనిషిని అనుమానించాడంటే ఆ మనిషి దొంగ అయి తీరవలసిందే. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆయన గురి తప్పలేదు. ఈ మాట చెబుతున్నది దారినపోయే దానయ్య కాదు. లిటిల్ మెర్‌ఫోర్డ్ మొత్తం మీద అబద్ధమాడటం చేతకానివాడిగా పేరుపడ్డ నేను.

మా ఫెన్ పల్లపు నేలలో అనుమానం ఒక జబ్బు కాదు, వారసత్వం. మా తాతముత్తాతలు కాలవలు తవ్వి, గాలిమరలు తిప్పి, సముద్రం నోట్లోంచి లాక్కున్న నేల ఇది. లాక్కున్న సొమ్ము కోసం అసలువాడు ఎప్పటికైనా వస్తాడని మాకందరికీ లోలోపల ఒక బెంగ. కాళ్ళ కింది మట్టినే నమ్మనివాళ్ళం మనుషుల్ని ఏం నమ్ముతాం? అందులోనూ హోరెస్ మాకంటే రెండు మెట్లు పైన. సూపులో బఠాణీలు లెక్కపెట్టుకుని తాగేవాడు. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థించండని పాదిరి చెబితే ఆయన ఒక కన్నే మూసేవాడు. రెండో కన్ను పాదిరి మీద ఉండేది.

ఆ గుణం వల్లే ఆయనకు ఉద్యోగం దొరికింది. మా ఊరి జామ్ ఫ్యాక్టరీలో సరుకు దిగే గుమ్మం దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళు నిలబడ్డాడు. బండి మీద వచ్చిన ప్రతి బుట్టనూ తిరగేసి అడుగు చూడనిదే లోపలికి రానిచ్చేవాడు కాదు. పైన నవనవలాడే పళ్ళు పేర్చి అడుగున కుళ్ళువి దాచే రైతులు హోరెస్ పేరు చెబితే దారి మార్చుకుని వేరే ఊరికి పోయేవారు.

అంతటివాడు ఒక్కసారి నోరు మూసుకున్నాడు. జామ్ ఫ్యాక్టరీ చివరి రోజుల్లో ఒక గోనెసంచి వచ్చింది. దాని మీద చీటీ లేదు. హోరెస్ విప్పి చూస్తే లోపల ఆవగింజంత చెక్క ముక్కలు. రాస్ప్‌బెర్రీ పండులో గింజలుంటాయి కదా, పండు కొనడం మానేసి టర్నిప్ దుంప ఉడికించి రంగు కలిపితే గింజలెక్కడినుంచి వస్తాయి? అందుకని చెక్క గింజలు. యజమాని వచ్చి హోరెస్ భుజం మీద చెయ్యి వేసి, ఈ ఏడాది గడిచిపోనీ అన్నాడు. హోరెస్ సరేనన్నాడు. ఏడాది గడవలేదు. ఎవరో పెద్దావిడ నాలుకలో పేడు గుచ్చుకుంది, పత్రికలో పడింది, ఫ్యాక్టరీకి తాళం పడింది. నలభై మంది ఆడవాళ్ళు జనవరి గాలిలో బీట్ దుంపలు పీకడానికి పొలాల్లోకి వెళ్ళారు. వాళ్ళ చేతులు పగిలి రక్తం కారడం హోరెస్ కళ్ళారా చూశాడు. ఈ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. కానీ మరోసారి నోరు మూసుకోనని మాత్రం ఆయన తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు.

రెండేళ్ళకు ఆ తాళం తీసినవాడు పియర్స్ లాంగ్‌డన్. ఇరవై ఆరేళ్ళవాడు, కేంబ్రిడ్జ్‌లో చదివినవాడు, సైకిలు మీద వచ్చేవాడు. మోచేతుల దగ్గర చిల్లులు పడ్డ స్వెటరు ఒకటే ఉండేది. ఆపిల్ తింటే గింజలతో సహా మింగేసేవాడు. జామ్ కళాయిలున్న చోట బల్లలు వేయించి, ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్లు చేస్తానన్నాడు. వాటికి మా పల్లపు పిట్ట పేరు పెట్టాడు, లాప్‌వింగ్ అని. పిల్లల్ని కాపాడుకోవడానికి రెక్క విరిగినట్టు నటించే పిట్ట అది. పేరు వినగానే హోరెస్‌కు మొదటి అనుమానం పుట్టింది.

జామ్ ఆడవాళ్ళనే పియర్స్ పనిలోకి పిలిచాడు. రేగుపళ్ళంత ప్లమ్‌లను కన్ను మూసి తెరిచేలోగా ఏరిన వేళ్ళు టంకం పెట్టడం వారంలో నేర్చుకున్నాయి. వాళ్ళకు పెద్దదిక్కు మేవిస్ పెక్. తయారైన ప్రతి యంత్రాన్నీ టీవీకి తగిలించి పరీక్ష చేసే బల్ల ఆమెది. హోరెస్‌ను మళ్ళీ సరుకు దిగే గుమ్మం దగ్గరే నిలబెట్టారు.

అక్కడ నిలబడ్డవాడికి కనబడింది ఒకటే. వారం వారం ఏదో ఒక వస్తువు రావడం ఆగిపోతోంది. ముందు స్విచ్‌లు ఆగాయి. తరవాత కీబోర్డు మీటల పెట్టెలు ఆగి, వాటి బదులు ప్లాస్టిక్ రేకు మీద అచ్చువేసిన మీటలు వచ్చాయి. ఆ పైన చిప్‌లు దూర్చే సాకెట్లు ఆగాయి, ఇకమీదట చిప్‌ను నేరుగా బోర్డుకే టంకం పెట్టమన్నారు. పారిపోయేవాడు ఇల్లు ఒక్కసారే ఖాళీ చెయ్యడు, రోజుకో కుర్చీ మోస్తాడని హోరెస్‌కు తెలుసు. పాత జామ్ పెట్టె అట్ట ఒకటి తీసి, మాయమైనవన్నీ దాని మీద రాయడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఉండబట్టలేక పియర్స్‌నే నిలదీశాడు.

"స్విచ్ ఏదయ్యా?"

"స్విచ్ లేదండీ, స్టిటిల్ గారూ."

"మరి ఆర్పడం ఎలా?"

"ప్లగ్గు పీకడమే."

"మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే దానికి కూడా స్విచ్ ఉందయ్యా. లెక్కలు చేసే యంత్రానికి లేదా?"

పియర్స్ తల గోక్కున్నాడు. "డెబ్భై తొమ్మిది పౌండ్లు దాటితే ఇది ఆఫీసు సామాను అయిపోతుంది. ఇళ్ళలోకి రాదు. ఇంట్లోకి రావాలంటే బురద బూట్లు గుమ్మం బయట వదలమంటారా లేదా? ఇదీ అంతే. కొన్ని బయట వదిలేయాలి. ఏవి వదిలినా పరవాలేదో, ఏవి వదిలితే చస్తామో, అది కనుక్కోవడమే నా పని."

మాట బాగానే ఉంది. మాట మరీ బాగుంటే హోరెస్‌కు గుండె దడ. జామ్ యజమాని కూడా బాగానే మాట్లాడేవాడు.

యంత్రం తీరూ ఆయనకు నచ్చలేదు. మేవిస్ బల్ల దగ్గర నిలబడి గమనించాడు. పెద్ద లెక్క ఇవ్వగానే టీవీ తెర నల్లబడిపోతుంది. లెక్క అయ్యాక జవాబుతో సహా వెలుగుతుంది. ఎందుకలా అంటే, ఉన్న మెదడు ఒకటే, తెర మీద బొమ్మ గీసేదీ అదే, లెక్క చేసేదీ అదే, బొమ్మకు వేరే చిప్ పెడితే ధర పెరుగుతుందని పియర్స్ చెప్పాడు. వండేదీ వడ్డించేదీ ఒక్కరే అయితే వంటింట్లోకి వెళ్ళినప్పుడు బల్ల దగ్గర కనబడరు కదా అని ఉపమానం కూడా చెప్పాడు. హోరెస్ తల ఊపి బయటికొచ్చి, లెక్క వేసేటప్పుడు మొహం దాచుకునే గుమాస్తాను తాను నమ్మనని మేవిస్‌తో అన్నాడు.

"నువ్వు అద్దంలో నీ మొహాన్ని నమ్ముతావా హోరెస్?" అంది మేవిస్, తల ఎత్తకుండా.

ఏప్రిల్ మొదటి వారంలో మెమరీ చిప్‌లు వచ్చాయి. యంత్రానికి ఎనిమిది చొప్పున కావాలి. ఇదివరకటివి చిన్నవి, ఖరీదైనవి. ఈసారి వచ్చినవి వాటికి రెట్టింపు సమాచారం పట్టేవి, అయినా ధర తక్కువట. రెట్టింపు వస్తువు తక్కువ ధరకు వస్తే ఎవరైనా సంతోషిస్తారు. హోరెస్ ఒక చిప్‌ను తీసి తిరగేశాడు. పొట్ట మీద గోరు మొనంత ఎర్ర రంగు చుక్క. ఇంకోటి తిరగేశాడు, దానికీ ఎర్ర చుక్కే. పక్క పళ్ళెంలో వాటికి తెల్ల చుక్కలు.

ఆయన బావమరిది సిరిల్ పక్క ఊళ్ళో రేడియోలు బాగుచేసేవాడు. ఆదివారం భోజనాల దగ్గర, వేరే ఎవరి సంగతో అన్నట్టు, చిప్ మీద రంగు చుక్కంటే ఏమిటని హోరెస్ అడిగాడు. తయారుచేసినవాళ్ళు పరీక్షలో తప్పిందని తీసిపారేసిన సరుకుకే చుక్క పెడతారని సిరిల్ చెప్పాడు. అవి చెత్తబుట్టకు పోవాలి, మరెక్కడికి పోయినా మోసమే అని కూడా అన్నాడు.

హోరెస్ చెంచా కింద పెట్టేశాడు. కళ్ళ ముందు ఆ గోనెసంచి కనబడింది.

సోమవారం పొద్దున పియర్స్‌ను స్టోరు తలుపు దగ్గరే ఆపాడు. చుక్కల మాట ఎత్తగానే ఆ కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. అటూ ఇటూ చూసి తలుపు మూశాడు.

"మీరు చూశారా? ఎవరితోనూ అనకండి. కేంబ్రిడ్జ్‌లో మనలాగే యంత్రాలు చేసే ఇంకో ఇద్దరికి తెలిసిందంటే మనకు సరుకు దొరకదు. ఎర్రవి ఎర్రవాటితో, తెల్లవి తెల్లవాటితో ఉంచండి, అంతే. మిగతాది నేను చూసుకుంటాను."

చెవులు ఎర్రబడటం, తలుపు మూయడం, ఎవరితోనూ అనవద్దనడం. అనుమానించేవాడికి ఈ మూడూ కలిస్తే పెళ్ళి భోజనం. హోరెస్ ఆ మధ్యాహ్నం రొట్టె తినే సమయంలో జిల్లా విద్యా కార్యాలయానికి ఒక ఉత్తరం రాశాడు. శుక్రవారం అక్కడినుంచి మిస్ థ్రెల్‌ఫాల్ అనే అధికారిణి వస్తోంది. ముప్పై యంత్రాలు ఆమె చూస్తుంది, నచ్చితే జిల్లాలోని పల్లెటూరి బడులన్నిటికీ మూడు వందలు కొంటుంది. నచ్చకపోతే పియర్స్‌కు అప్పిచ్చిన బ్యాంకు తాళం పట్టుకుని సిద్ధంగా ఉంది. అది అందరికీ తెలుసు. హోరెస్ ఉత్తరంలో రెండే వాక్యాలు. మీరు కొనబోయే యంత్రాల్లో తీసిపారేసిన చిప్‌లు ఉన్నాయి. తిరగేసి చూడండి. కింద సంతకం లేదు.

డబ్బాలో ఉత్తరం వేసి వెనక్కి వస్తుండగా కిటికీలోంచి ఆడవాళ్ళు కనబడ్డారు. నలభై తలలు బల్లల మీదికి వంగి ఉన్నాయి. మేవిస్ చేతులు కనబడ్డాయి. బీట్ పొలంలో పగిలిన గీతలు ఆ చేతుల మీద ఇంకా తెల్లగా ఉన్నాయి. తాను ఇప్పుడే పోస్టు చేసింది ఏమిటో హోరెస్‌కు అప్పుడు తెలిసింది. నిజం చెప్పాడు, బాగానే ఉంది. కానీ ఆ నిజం మొదట పడేది పియర్స్ నెత్తిన కాదు, ఈ నలభై తలల మీద. వీళ్ళను గట్టెక్కించే దారి లేదా?

ఉంది. జామ్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళనాటి ఆచారం ఒకటుండేది. దెబ్బతిన్న పళ్ళ బుట్ట వస్తే దాన్ని ఒకే కళాయిలో వేసేవారు కాదు. అలా వేస్తే ఆ కళాయి జామ్ అంతా చేదెక్కుతుంది. అన్ని కళాయిల్లోకీ సమంగా పంచేవారు. ఒక్కో కళాయికి ఇన్ని చెడ్డవి, ఇన్ని మంచివి. ఏ సీసాలోనూ ఎవరికీ తేడా తెలిసేది కాదు. ఆ పంపకం హోరెస్ చేతిది. ఏ కళాయికైనా ఒక్క పండు ఎక్కువ పడితే ఆ రోజు ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఎర్రది బాగా చెడ్డదా, తెల్లది కొంచెం చెడ్డదా, ఆయనకు తెలియదు. ఏదైనా సరే, పంచితే నష్టం తగ్గుతుంది కదా. మంగళవారం మధ్యాహ్నం, అందరూ టీకి వెళ్ళిన వేళ, పళ్ళేలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్రది, తెల్లది, ఎర్రది, తెల్లది. వరసకు ఎనిమిది, యంత్రానికో వరస. ముప్పై వరసలు. ఒక చేత్తో ఇంటికి నిప్పు పెట్టి రెండో చేత్తో బిందె పట్టుకున్నాడన్నమాట.

బుధవారం ఆ చిప్‌లన్నీ బోర్డులెక్కాయి. చుక్క పొట్ట కింద ఉంటుంది, టంకం పెట్టేవాళ్ళు చూసేది వీపు. పళ్ళెం మీద ఎరుపు అని చీటీ ఉంటే బోర్డు మీద ఒక చిన్న తీగ ముక్కను ఎడమ రంధ్రంలో పెట్టాలి, తెలుపు అని ఉంటే కుడి రంధ్రంలో. వాళ్ళకు పియర్స్ చెప్పింది అంతే. పళ్ళేల మీద చీటీలు మాత్రం మారలేదు. వాళ్ళు చీటీ చూసి తీగ పెట్టారు.

మధ్యాహ్నానికి మేవిస్ మొదటి యంత్రాన్ని టీవీకి తగిలించింది. తెర నిండా నలుపు తెలుపు గళ్ళు. పక్కన పెట్టి రెండోది తగిలించింది. గళ్ళు. మూడోదీ అంతే. పదోదాకా వెళ్ళేసరికి ఆమె చుట్టూ ఆడవాళ్ళు మూగారు. ముప్పయ్యోది కూడా గళ్ళే చూపించింది.

పియర్స్ పాలిపోయాడు. ఆ పూట ఫ్యాక్టరీలో ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు. టంకం పెట్టినవాళ్ళు తీగ పెట్టినవాళ్ళను చూశారు, వాళ్ళు వ్యాను డ్రైవర్ను చూశారు. కేంబ్రిడ్జ్‌లోని ఆ ఇంకో ఇద్దరు ఎవరినో కొనేశారని ఒకరన్నారు. హోరెస్ అందరినీ చూశాడు. ముందు పియర్స్‌ను అనుమానించాడు, బీమా డబ్బు కోసం తానే చేసుకున్నాడేమోనని. తరవాత మేవిస్‌ను. ఆ తరవాత వ్యాను డ్రైవర్ను. సాయంత్రానికి పాలవాడు కూడా మిగల్లేదు. తనను తప్ప అందరినీ అనుమానించాడు.

మొదట్లో ఒక మాట అన్నాను, ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన గురి తప్పలేదని. సరే, అందులో కొంచెం సవరణ. పళ్ళ బుట్టల విషయంలో తప్పలేదు. మనుషుల విషయంలో ఒక్కసారీ తగల్లేదు. పాదిరి విరాళాల పెట్టె దోచేస్తున్నాడని అనుమానిస్తే అందులో గుండీలు వేస్తున్నది హోరెస్ సొంత అత్తగారని తేలింది. పోస్టుమాన్ ఉత్తరాలు విప్పి చదువుతున్నాడని అనుమానించాడు, తీరా ఆ మనిషికి చదువే సరిగ్గా రాదు. నిజంగా దొంగ అయిన జామ్ యజమానిని మాత్రం చెక్క గింజలు చేతిలో పడేదాకా ఆయన అనుమానించలేదు. ఇప్పుడు చెప్పేశాను, నా మనసు తేలికపడింది.

గురువారం పొద్దున హోరెస్ వచ్చేసరికి స్టోరులో మేవిస్ కూర్చుని ఉంది. ఆమె ముందు ఒక బోర్డు, దాన్నుంచి ఊడదీసిన ఎనిమిది చిప్‌లు. అన్నీ బోర్లా పెట్టి ఉన్నాయి. ఎర్రది, తెల్లది, ఎర్రది, తెల్లది.

"ఇంకో రెండు యంత్రాలు కూడా విప్పాను," అంది. "నాలుగు ఎర్రవి, నాలుగు తెల్లవి. పొరపాటున కలిస్తే ఒక దాంట్లో ఆరు పడతాయి, ఒక దాంట్లో రెండు పడతాయి. మూడింట్లోనూ నాలుగూ నాలుగూ పడవు. ఇంత సమంగా పంచే చెయ్యి ఈ జిల్లాలో ఒక్కటే ఉంది హోరెస్."

హోరెస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మీ కోసమే చేశానన్నాడు. చిప్‌లన్నీ తీసిపారేసినవనీ, పంచితే తెలియదనుకున్నాననీ చెప్పాడు. మేవిస్ తిట్టలేదు. లేచి వెళ్ళి పియర్స్‌ను పిలుచుకొచ్చింది. జరిగింది విని పియర్స్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. అక్కడినుంచే మేవిస్ సంచిలో ఉన్న రొట్టె అడిగాడు. ముక్కలుగా కోసిన రొట్టె అది. అందులోంచి ఎనిమిది ముక్కలు తీసి పెన్సిలుతో ఒక్కో ముక్కకు ఒక పక్క గీతలు గీశాడు.

"గీతలున్నది బూజు పట్టిన పక్క అనుకోండి. ఈ చిప్‌లు పూర్తిగా చెడ్డవి కావు స్టిటిల్ గారూ, సగమే చెడ్డవి. ఎర్రవాటికి ఎడమ సగం మంచిది, తెల్లవాటికి కుడి సగం మంచిది. నాకు కావలసిందీ సగమే. ఎనిమిదీ కలిసి ఒక రొట్టె." ముక్కలన్నీ గీతలు ఒకే వైపుండేలా నిలబెట్టి మేవిస్ చాకుతో నిలువునా కోశాడు. గీతల సగం ఒక పక్కకు పడింది, శుభ్రమైన సగం ఇంకో పక్కకు. "ఆ తీగ ముక్క ఉందే, అదే ఈ చాకు. ఎటు కొయ్యాలో చెబుతుంది."

తరవాత ఇంకో ఎనిమిది ముక్కలకు గీతలు గీసి, ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి నిలబెట్టి కోశాడు. ఈసారి రెండు సగాల్లోనూ బూజే.

హోరెస్ ఆ రెండు కుప్పలనూ చూస్తూ నిలబడ్డాడు. ప్లమ్ పళ్ళను పంచితే చేదు పలచబడుతుంది. ఇక్కడ పంచితే చేదు అన్నిటికీ పాకింది. ముప్పై ఏళ్ళ తన పనితనం ఒక్క మధ్యాహ్నంలో ముప్పై యంత్రాలను చంపింది.

"ఈ ముక్క సోమవారమే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు.

"చెబితే ఎవరైనా రహస్యం ఎత్తుకుపోతారని మీ మీద కూడా అనుమానపడ్డాను," అన్నాడు పియర్స్. "సాకెట్లు ఉంచి ఉంటే ఇప్పుడు అరగంటలో మార్చేవాళ్ళం. అవి తీసేసింది నేనే. గుమ్మం బయట వదలకూడనిది వదిలాను."

"మీ ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకోవడం అయిపోయిందా?" అంది మేవిస్. "అయితే పక్కకు తప్పుకోండి. యంత్రాలను జతలు కట్టాలి. జతలో ఒకదాని తెల్లవి నాలుగు, రెండోదాని ఎర్రవి నాలుగు మార్చుకుంటే పదిహేను ఎర్ర యంత్రాలు, పదిహేను తెల్ల యంత్రాలు అవుతాయి. చెడ్డలో కూడా సమంగానే చెడగొట్టాడు, ఆ పుణ్యం ఒప్పుకోవాలి."

ఆ రోజంతా నలభై మందీ టంకం కరిగించి చిప్‌లు ఊడదీశారు. నూట ఇరవై ఎర్రవి, నూట ఇరవై తెల్లవి, ఒక్కటి తేడా రాలేదు. ఏడు చిప్‌ల కాళ్ళు విరిగాయి, వాటి బదులు పాత ఖరీదైనవి వేద్దామంటే అవి సరిపడవన్నాడు పియర్స్. అందువల్ల రెండు యంత్రాలు పోయాయి. హోరెస్ బోర్డుకు బోర్డు తిరిగి చుక్కలు చూసి చీటీలు రాశాడు. ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. సాయంత్రం అయిదింటికి మేవిస్ టీవీ మీద ఒక్కొక్కటిగా ఇరవై ఎనిమిది తెరలు శుభ్రంగా వెలిగాయి.

శుక్రవారం మిస్ థ్రెల్‌ఫాల్ వచ్చింది. సన్నటి మనిషి, గట్టి బూట్లు, చంకలో నల్లటి చేతిసంచి. కోటు విప్పకుండానే యంత్రాలన్నీ చూసింది. మీటల రేకు నొక్కి చూసింది, వెనక వెచ్చగా ఎందుకుందని అడిగింది, స్విచ్ ఎందుకు లేదని అడిగింది. పియర్స్ బూట్ల ఉపమానం చెప్పాడు. ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"ఇది మాకు వచ్చింది. ఇందులో ఉన్నది నిజమా?"

పియర్స్ చదివాడు. మేవిస్ అతని భుజం మీదుగా చదివింది. ఆ చేతిరాత ఇరవై తొమ్మిదేళ్ళు సరుకు చీటీల మీద చూసినదే. కానీ ఆమె నోరు విప్పలేదు. నలభై తలలు బల్లల మీదికి వంగి ఉన్నాయి, ఒక్క టంకం కడ్డీ కూడా కదలడం లేదు. హోరెస్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. భుజం మీద ఎవరి చెయ్యీ లేదు. ఈసారి నోరు మూయమని ఎవరూ అనలేదు కూడా.

"రాసింది నేను," అన్నాడు ముందుకొచ్చి. "అందులో ఉన్నది నిజమే. కానీ సగమే రాశాను, అమ్మగారూ. ఆ సగమే అబద్ధమైంది."

మేవిస్ సంచిలోంచి రొట్టె తెచ్చి, ఎనిమిది ముక్కలు నిలబెట్టి ఆమె ఎదుటే కోసి చూపించాడు. పియర్స్ కంటే బాగా చూపించాడు, పళ్ళు పంచిన చెయ్యి కదా. ఆమె కోసిన రెండు సగాలనూ తేరిపార చూసింది.

"అయితే ఇవి తీసిపారేసిన చిప్‌లే."

"అవునమ్మా."

"మరి నేనెందుకు కొనాలి?"

హోరెస్ కోసిన ముక్కలను పక్కకు జరిపాడు. జామ్‌లో చెక్క గింజలు కలిపిన రోజులు తాను చూశాననీ, చూసి మాట్లాడలేదనీ చెప్పాడు. ఆ మాట విని ఆడవాళ్ళలో కొందరు తలలెత్తారు. అప్పటి తప్పు టర్నిప్ వాడటం కాదు, సీసా మీద రాస్ప్‌బెర్రీ అని రాయడం. ఈ యంత్రం పెట్టె మీద రాసింది సగం మెమరీయే, లోపల ఉన్నదీ ఆ సగమే. ఆ సగం ఎలా వచ్చిందో కూడా పెట్టె మీదే రాయిస్తే, ఇక ఎవరూ తిరగేసి చూడక్కర్లేదు.

రాయిస్తావా అన్నట్టు పియర్స్ వైపు తిరిగాడు. రాయిస్తే కేంబ్రిడ్జ్‌లోని ఆ ఇద్దరికీ తెలుస్తుంది. పియర్స్ ఆపిల్ గింజ గొంతుకడ్డం పడ్డట్టు మొహం పెట్టి, చివరికి తల ఊపాడు.

మిస్ థ్రెల్‌ఫాల్ ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది. "మూడు వందలు ఇప్పుడే కొనను. వంద కొంటాను. ప్రతి దాని లోపలా ఈయన సంతకం ఉండాలి. ఏడాది బాగా నడిస్తే మిగతావి." గుమ్మం దాటుతూ ఆగి హోరెస్‌ను చూసింది. "పేరు లేకుండా ఉత్తరాలు రాసే అలవాటు మానుకోండి, మిస్టర్ స్టిటిల్. సంతకం బాగుంటుందని ఆశిస్తాను."

ఆమె కారు మలుపు తిరిగాక మేవిస్ టీ చేసింది. రెండు చెంచాల చక్కెర వేసి మొదటి కప్పు తెచ్చి హోరెస్ ముందు పెట్టింది. ఆయన ఆ కప్పును ఎత్తి, అలవాటు కొద్దీ అడుగు చూసి, తాగాడు.

వంద యంత్రాల లోపల హోరెస్ స్టిటిల్ అని సిరాతో రాసి ఉంది. ఎవరి అటకమీదైనా దొరికితే విప్పి చూసుకోండి. ఫ్యాక్టరీ ఇంకో మూడేళ్ళు నడిచింది, ఆ తరవాత అందరివీ మూతపడ్డట్టే అదీ మూతపడింది. కానీ ఆ మూడేళ్ళూ మా ఊరి ఆడవాళ్ళెవరూ జనవరిలో బీట్ పొలానికి వెళ్ళలేదు.

ఇక ఒకటి ఒప్పుకోవాలి, లేకపోతే అబద్ధం చేతకానివాడనే నా పేరు పోతుంది. సగం చెడిన చిప్‌లు నిజం. నాలుగూ నాలుగూ పంచడం నిజం. చెక్క గింజలు కూడా నిజమే, నమ్మకపోతే మీ ఇష్టం. నేను కల్పించింది ఆ టీ కప్పు ఒక్కటే. ఆ రోజు మేవిస్ ఆయనకు టీ ఇవ్వలేదు. మూడు వారాల దాకా ఇవ్వలేదు. నాలుగో వారం ఇచ్చింది, చక్కెర లేకుండా.